అక్క సబ్బుపొడి మార్చింది

ఆమె ఉద్యోగం చూడటం. ఏం చేస్తుంటారని కొత్తవాళ్ళెవరైనా అడిగితే సబ్బుల కంపెనీలో అని చెప్పి ఊరుకునేది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే, పరాయివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వంటగదిలో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చుని, వాళ్ళు గిన్నెలు ఎలా తోముకుంటారో, బట్టలు ఎలా ఉతుక్కుంటారో చూసి వస్తుంటానని చెప్పేది. విన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. దీనికి కూడా జీతమిస్తారా అనేవాళ్ళు. ఇవ్వక ఏం చేస్తారు? సబ్బు చెయ్యడం పెద్ద విద్యేం కాదు, ఊరికో కంపెనీ చేస్తోంది. పక్కనే అవతలివాళ్ళ డబ్బా ఉండగా మనదే ఎందుకు తీసుకోవాలన్నది అసలు చిక్కు. పోనీ ఆ మాట కొనేవాళ్ళనే అడుగుదామంటే, జనం మర్యాదస్తులు, బాగాలేదని మొహం మీద అనలేక చాలా బాగుందని చెప్పి పంపేస్తారు. అందుకని కంపెనీ ఆమెలాంటి వాళ్ళను కొందరిని పెట్టుకుని, ఏమీ అడగొద్దు, ఊరికే చూసి రండి అని పంపేది.

ఆమెకు బావ పెట్టిన పేరు బల్లి. గోడకు అంటుకుని, ఉలుకూ పలుకూ లేకుండా అన్నీ చూస్తుంది కనక. బావ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. కనిపించిన వాళ్ళకల్లా పేర్లు పెట్టడం ఆయనకు సరదా. ఆ పేరును అక్క కూతురు అందిపుచ్చుకుని బల్లి పిన్నీ అని పిలవడం మొదలుపెట్టింది. ఆమెకు కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. ఎందుకంటే చిన్నప్పుడు ఆమెను ఇంట్లో అందరూ రేడియో అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానని పిల్ల. బడిలో జరిగింది, దారిలో చూసింది, పక్కింట్లో విన్నది, అన్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉండేది. తల్లి తొందరగా పోయింది. పదేళ్ళ పెద్దదైన అక్క కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని పెంచింది. మిషను పక్కన కూర్చుని చెల్లెలు వాగుతుంటే, “కాసేపు నోరు మూసుకోవే రేడియో, కుట్టు వంకర పోతోంది” అనేది అక్క. మూసుకుంటే మాత్రం ఏమైందే, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకు చూసేది.

చెల్లెలికి పెళ్ళి కుదరలేదు. ఆమె కుదరనివ్వలేదంటే ఇంకా నిజం. అక్క ఇంటికి నాలుగు వీధుల అవతల చిన్న వాటాలో ఉండేది, ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళి చీకటి పడ్డాక తిరిగొచ్చేది. లోకంలో తన మనిషి అని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది అక్క ఒక్కతే. ఈ కథ కూడా అక్క కోసమే చెప్పుకుంటున్నాం, సబ్బు కోసం కాదు. కానీ సబ్బు లేకుండా చెప్పడం కుదరదు.

మాటకారి చూసే మనిషి ఎలా అయిందని అడగొచ్చు. మొదట్లో కంపెనీ ఆమెను ఆ నోరు చూసే తీసుకుంది. పెద్ద దుకాణంలో గాజు తొట్టి ముందు నిలబెట్టి, మరకల గుడ్డ ఒకటి చేతికిచ్చి, వచ్చేపోయేవాళ్ళ ముందు ఉతికి చూపించమన్నారు. ఆమె ఉతికేది, ఉతుకుతూ చెప్పేది, చెబుతూ నవ్వించేది. ఒకరోజు ఒకావిడ మొదటినుంచి చివరిదాకా నిలబడి విని, మీ పొడి చాలా బాగుందమ్మా అని మెచ్చుకుని, రెండడుగులు వేసి అవతలి కంపెనీ డబ్బా బుట్టలో వేసుకుంది. రేడియోకి ఒళ్ళు మండింది. గుడ్డ అక్కడే పడేసి ఆవిడ వెనకాలే వెళ్ళింది. డబ్బా బుట్టలో వేసుకునే ముందు ఆవిడ దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆమె చూసింది. మర్నాడు ఆఫీసులో ఆ సంగతి చెబితే, ఉతికి చూపించే పని ఇంకొకరికి ఇచ్చి ఆమెను చూసే విభాగానికి మార్చారు.

అక్కడ శిక్షణ ఇచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. కొత్తవాళ్ళను బల్ల చుట్టూ కూర్చోబెట్టి తన కోసం టీ పోసుకున్నాడు. పంచదార డబ్బా ఎదురుగానే ఉంది. ఆయన దాన్ని పక్కకు జరిపి, ఉప్పు డబ్బా మూత తీసి, చెంచా నిండా తీసి టీలో వేసుకున్నాడు. సార్, అది ఉప్పు అని ఒకబ్బాయి కంగారుగా అన్నాడు. పెద్దాయన చెంచా కింద పెట్టాడు. “ఉప్పని నాకు తెలియదనుకున్నావా? నువ్వు నోరు మూసుకుని ఉంటే, ఎందుకు వేసుకున్నానో నీకే తెలిసేది. ఇక తెలియదు. నువ్వు వెళ్ళొచ్చు” అన్నాడు. మిగిలినవాళ్ళు కొయ్యబారిపోయారు. ఆయన ఆ టీ మొహం చిట్లించుకుంటూ అడుగంటా తాగాడు. చెల్లెలు నాలుక కొరుక్కుని కూర్చుని గట్టెక్కింది. చూసే మనిషి నోరు విప్పితే ఆ ఇల్లు ఇక మామూలుగా ఉండదన్నది అక్కడ నేర్పిన మొదటి సూత్రం, చివరిది కూడా అదే.

ఆ పనిలో ఆమె ఆరితేరింది. కొండమీది ఊళ్ళో జనం వీధి కుళాయి నుంచి నీళ్ళు మోసుకొస్తారు, నురగ ఎక్కువైతే జాడించడానికి ఇంకో బిందె కావాలి, అందుకని నురగంటేనే విసుక్కుంటారు. అదే నగరంలో నురగ రాకపోతే సబ్బు పనిచెయ్యడం లేదని డబ్బా అవతల పడేస్తారు. ఆమె రెండుచోట్లా కూర్చుని చూసి వచ్చాక కంపెనీ ఒకే పేరుతో రెండు రకాల పొడి చేసింది, కొండకు నురగ లేనిది, నగరానికి గంగాళం పొంగేది. ఫ్యాక్టరీల పక్కన గదుల్లో ఉండే కూలీలు ఏ పూటకాపూట చిన్న పొట్లం కొంటారు. చేతులు తడిగా ఉంటాయి కాబట్టి పొట్లాన్ని పళ్ళతో చింపి, నోట్లో పడ్డ పొడి ఉమ్మేసి, ఆపైన తిట్టొకటి తిడతారు. ఆమె ఆ తిట్టు కూడా ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తరవాత పొట్లం అంచున చిన్న గాటు వచ్చింది, తడి చేత్తో పట్టుకున్నా చిరుగుతుంది. ఆ గాటును చూసినప్పుడల్లా ఆమెకు తన సంతకం చూసుకున్నట్టుండేది. అవతలివాళ్ళు కొన్నాళ్ళకే దాన్ని కాపీ కొట్టారు. పెద్ద మేడల వీధిలో సంగతి మళ్ళీ వేరు. అక్కడ డబ్బా ఖాళీ అయ్యాక బట్టల క్లిప్పులు వేసుకోవడానికి పనికొస్తుందా లేదా అని చూసి కొనేవాళ్ళున్నారు. వాళ్ళకు పిడి ఉన్న డబ్బా ఇచ్చి, పైన కాగితం గోరు తగిలితే ఊడొచ్చేలా అంటించారు. సరుకు ఒకటే, వీధి వీధికీ వేషం మార్చుకుంటుంది.

ఎన్ని వేషాలు వేసినా అక్క ఉన్న పేటలో మాత్రం వీళ్ళ పప్పులు ఉడకలేదు. అక్కడ అవతలి కంపెనీ ఎర్ర డబ్బాదే రాజ్యం. వీళ్ళ నీలం డబ్బా పై అరలో దుమ్ము పట్టి ఉండేది. ఆ ఎర్ర డబ్బా భక్తుల్లో మొదటి వరస అక్కదే. కుట్టిన బట్టలు ఇచ్చేముందు ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వడం ఆమెకు అలవాటు, ఎర్ర డబ్బా పొడితో తప్ప ఉతికేది కాదు. చెల్లెలు నీలం డబ్బా తెచ్చిస్తే దాన్ని తలుపు పడిపోకుండా అడ్డం పెట్టుకునేది. “నీ జీతం నీకు రానీ, నా బట్టలు నన్ను ఉతుక్కోనీ” అనేది. ఆదివారం భోజనాల దగ్గర ఈ వాదన లేకపోతే బావకు ముద్ద దిగేది కాదు. ఓసారి ఆయనే తాడో పేడో తేల్చేద్దామని తువ్వాలు తీసి అక్క కళ్ళకు కట్టి, రెండు సాసర్లలో చెరో చిటికెడు పొడి వేసి ముక్కు దగ్గర పెట్టాడు. అక్క క్షణం ఆలోచించలేదు. “ఇది నాది. ఇది దానిది, ఆస్పత్రి వాసన” అంది. సాసర్లు అటూ ఇటూ మార్చి ఎన్నిసార్లు పెట్టినా అదే జవాబు. చెల్లెలు ఓడిపోయి నవ్వింది. ఆస్పత్రి వాసన అన్న మాట ఆఫీసుకు వెళ్ళి చెబితే అక్కడా నవ్వుకున్నారు.

కొన్నేళ్ళకు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, తెలివైనవాడు, పెద్దవాళ్ళను మేడం అని మర్యాదగా పిలిచేవాడు. ఆ పేటలో దుకాణాల దగ్గర నిలబడి చూడమని ఆమెను పంపాడు. ఆమె చూసింది. చంకలో పిల్లాడు, చెవి దగ్గర ఫోను, ఇంట్లో పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిన తొందర. డబ్బా మీద పేరు చదివే తీరిక ఎవరికీ లేదు. చెయ్యి నేరుగా ఎరుపు మీదకు వెళుతోంది. అదే వచ్చి చెప్పింది. చూడటం వరకే ఆమె పని, ఆ చూసిందాన్ని ఏం చెయ్యాలన్నది పైవాళ్ళ పని. పైవాళ్ళు ఆ పేట కోసమని ఒక కొత్త డబ్బా చేయించారు. ఎరుపు అనడానికి లేదు, కాదనడానికీ లేదు. కోర్టులో నిలబడేంత తేడా ఉందో లేదో వకీళ్ళు చూసిపెట్టారు. లోపల పొడి మాత్రం పాతదే, నీలం డబ్బాలోది. ఇది మీరూ నేనూ చేస్తే మోసం అంటారు, కంపెనీ చేస్తే వ్యూహం అంటారు. చెల్లెలు దాని గురించి అంతగా ఆలోచించలేదు. అవతలివాళ్ళు గాటు కొట్టేశారు, వీళ్ళు రంగు కొట్టేశారు, చెల్లుకు చెల్లు అనుకుంది.

ఆ కొత్త డబ్బా దుకాణాల్లోకి వచ్చిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, అక్క స్నానాలగదిలో అరమీద దాన్ని చూసింది. ముందు నమ్మలేదు. దగ్గరకు వెళ్ళి పేరు చదివింది. తమదే. సగం వాడేసి ఉంది. ఆమె లోపల ఎగిరి గంతేసినంత పని చేసింది. ఒట్టుపెట్టుకుని ఎర్ర డబ్బా వాడిన మనిషి, కళ్ళకు గంతలు కట్టినా లొంగని మనిషి, ఒక్క మాట చెప్పకుండా ఇటు వచ్చేసింది. పంతం మనిషి కదా, మారానని ఒప్పుకోవడం నామోషీ అయి చెప్పలేదనుకుంది. తనూ ఏమీ అనలేదు. మార్చుకున్న వాళ్ళను మార్చుకున్నావని దెప్పితే వెంటనే మళ్ళీ వెనక్కి పోతారు, అది ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. భోజనాల దగ్గర అక్క వంక చూసి తనలో తను నవ్వుకుంది. సోమవారం ఆఫీసులో మేనేజరుకు చెబితే, ఆయన సంబరపడి అందరినీ పిలిచి, మేడం వాళ్ళ అక్కగారే మారారంటే ఇక ఆ పేట మనదే అని కేకు తెప్పించాడు. ఆమె కూడా ఒక ముక్క తింది.

అక్కడే ఆమె పప్పులో కాలేసింది.

ఎందుకంటే మారింది అరమీద డబ్బా ఒక్కటే కాదు. అక్క బట్టలుతికే మిషనులో పొడి వేసి, మూత వెయ్యబోయి, మళ్ళీ డబ్బా తీసుకుని ఇంకోసారి వేసింది. చెల్లెలు వాకిట్లో కూర్చుని చూసింది. ఇంకో ఆదివారం అక్క కూతుర్ని చెల్లెలి పేరుతో, చెల్లెల్ని కూతురి పేరుతో పిలిచింది. అందరూ నవ్వారు. ఇంకోరోజు పక్కింటివాళ్ళ చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చప్పుడు చెయ్యకుండా మడిచి బట్టల కింద పెట్టేసింది. చెల్లెలు అదీ చూసింది. గుడ్డ మీద గీత గియ్యకుండా కత్తెర వేసే మనిషి ఇలా చేసిందేమిటని ఒక్క క్షణం అనుకుంది. అడగలేదు. ఇన్నేళ్ళుగా ఏ ఇంట్లో ఏది చూసినా అడగకుండా ఉండటమే ఆమెకు అన్నం పెట్టింది. అడగకుండా ఉండటం మర్యాద అని, ప్రేమ అని కూడా అనుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. బావ కూడా ఏమీ అనేవాడు కాదు, అక్క మరిచిపోయిన గ్యాసు తనే వెళ్ళి కట్టేసి వచ్చి మళ్ళీ పేపరు చదువుకునేవాడు. కూతురు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది, పొద్దున పోతే చీకటి పడ్డాక గాని రాదు. అక్క మతి జారిపోతోంది. మనకు తెలుస్తూనే ఉంది, ఆమెకు తెలియలేదు. పరాయివాళ్ళ వేళ్ళు ఎలా కదులుతాయో చెప్పగల మనిషి తన అక్క చేతుల్ని చూసి కూడా ఇంకేదో అనుకుంది. తలుచుకుంటే కోపం వస్తుంది, జాలీ వేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది. కూర్చోమని చెప్పాడు. అక్క పేటలో కొత్త డబ్బా మొదట్లో దుమ్ము రేగ్గొట్టి, తరవాత ఉన్నట్టుండి చల్లబడిపోయిందట. ఎందుకని దుకాణాలవాళ్ళను కనుక్కుంటే, తీసుకెళ్ళిన వాళ్ళందరూ మర్నాడే వెనక్కి తెచ్చి గొడవపడ్డారట.

“వాళ్ళు మారలేదు మేడం, పొరపాటు పడ్డారు. దుకాణంలో రంగు చూసి తీసుకున్నారు, ఇంటికెళ్ళి మూత తీసి వాసన చూడగానే ఇది మాది కాదని వెనక్కి తెచ్చారు. మనం రంగు మార్చాం గాని వాసన మార్చలేదు కదా” అన్నాడు. తప్పు తనదేనని, పైవాళ్ళకు అలాగే చెబుతానని కూడా అన్నాడు.

“రెండో డబ్బా కొన్నవాళ్ళు అసలు లేరా?” అని అడిగింది ఆమె.

“లేరనే చెప్పాలి. తెలిసి తెలిసి ఎవరు కొంటారు?”

ఆమెకు అక్క స్నానాలగదిలో అర గుర్తొచ్చింది. అక్క రెండోది కొంది, మూడోది కూడా కొంది. పోయిన ఆదివారం అరమీద ఖాళీ డబ్బాల పక్కన వరసలో కొత్తది నిలబడి ఉంది. ఒక్కదాన్నీ వెనక్కి తీసుకెళ్ళలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. కళ్ళకు గంతలు కట్టినా సాసరు వాసన చూసి ఇది నాది అన్న మనిషి, ఇన్నాళ్ళుగా ఆ ఆస్పత్రి వాసనతోనే బట్టలు ఉతుకుతోంది. పేటంతా మూత తియ్యగానే పట్టుకున్న తేడా అక్క ఒక్కదానికే తెలియలేదు. పొడి రెండుసార్లు వెయ్యడం, పేర్లు తారుమారు కావడం, ఎడమ చేతుల చొక్కా అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ముందు నిలబడ్డాయి. ఆమె కుర్చీలోంచి లేచింది. ఒంట్లో బాగాలేదా మేడం అని మేనేజరు అడుగుతున్నాడు. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు, బ్యాగు కూడా అక్కడే వదిలేసి బస్సెక్కింది.

తలుపు బావ తీశాడు. ఆదివారం కాని రోజున ఆమెను చూసి, ఏంటి బల్లీ, గోడ మారావా అన్నాడు. ఆమె జవాబు చెప్పకుండా లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కన మిషను ముందు అక్క కూర్చుని ఉంది. తెల్లచొక్కా ఒకటి కుడుతోంది, బడిపిల్లలు వేసుకునేది. చెల్లెల్ని చూసి నవ్వి, కూర్చోమని తలతో సైగ చేసి, పని చూసుకుంది. చెల్లెలు అలవాటుగా మూలనున్న స్టూలు మీద కూర్చుంది. అక్క ఒక చెయ్యి కుట్టేసింది, రెండోది తీసుకుని భుజానికి పెట్టి చూసుకుంది. అది కుదరలేదు, తిప్పింది. మళ్ళీ కుదరలేదు, మళ్ళీ తిప్పింది. అది కూడా ఎడమదే. అక్క కళ్ళెత్తి ఒక్కసారి చెల్లెలి వంక చూసింది, మళ్ళీ దించుకుని, ఆ చేతిని అలాగే సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది.

 చెల్లెలు పరాయి ఇళ్ళలో ఎన్నోసార్లు చూసీ చూడనట్టు కూర్చుంది, ఎప్పుడూ ఇంత కష్టమనిపించలేదు. ఇప్పుడు నోరు విప్పితే ఈ ఇల్లు ఇక మామూలుగా ఉండదు. విప్పకపోయినా ఉండదని ఇప్పుడు ఆమెకు తెలుసు.

“అక్కా. అది కుడి చెయ్యి కాదు.”

మిషను ఆగింది.  అక్క చక్రం మీద అరచెయ్యి అలాగే ఉంచుకుని కూర్చుంది. ఆమె మొహం కోపంగా లేదు, సిగ్గుగానూ లేదు, మోస్తున్నదేదో కింద పెట్టినట్టుంది.

“నాకూ అలాగే అనిపించిందే” అంది. “చాన్నాళ్ళ నుంచి ఏదో తేడాగా ఉంది. చేతిలో పని చేతిలోనే తప్పిపోతోంది. ఏదో అవుతోందని భయం వేసేది. మళ్ళీ అనుకునేదాన్ని, వారం వారం చెల్లెలొచ్చి కూర్చుంటోంది కదా, దాని కళ్ళకు కనపడనిది ఏముంటుంది, నిజంగా ఏమైనా ఉంటే అది చెప్పదా అని. నువ్వేమీ అనలేదు. అయితే ఏమీ లేదులే అని ధైర్యం తెచ్చుకున్నాను.”

చెల్లెలు ఆ మాట విని ఏడ్చింది. అక్క లేచి వచ్చి, చిన్నప్పటిలాగే నుదురు పట్టుకు చూసింది. గుమ్మంలో నిలబడ్డ బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, ఆయన చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

ఆ తరవాత జరగాల్సినవి జరిగాయి. అక్క కూతురు దుకాణంలో సెలవు పెట్టి వచ్చింది, నలుగురూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్ళారు. డాక్టరు బొమ్మలు చూపించి పేర్లు అడిగింది, గడియారం గీయమంది, తలకు పరీక్షలు రాసింది. జబ్బు పేరు చెప్పింది. నయమయ్యేది కాదని, నెమ్మదిగా నడిచేలా చెయ్యడానికి మందులున్నాయని అంది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని కూడా అంది. ఆ మాట అందరితోనూ అంటారని బావ చెల్లెల్ని ఓదార్చాడు. కావచ్చు. ఆమెకు మాత్రం అది తనను అన్నట్టే తగిలింది, ఇప్పటికీ తగులుతూనే ఉంది.

కంపెనీ ఆ డబ్బాను వెనక్కి తీసేసుకుంది. ఆ పేటకు ఇంకో ఎత్తు ఏదో వేస్తోందని విన్నాం, ఈసారి వాసన కూడా మారుస్తారట. చూసి రావడానికి మాత్రం ఆమె అక్కడ లేదు. మేనేజరు వద్దని ఎంత చెప్పినా వినకుండా ఉద్యోగం మానేసి, వాటా ఖాళీ చేసి అక్క ఇంటికి వచ్చేసింది. వచ్చినప్పటి నుంచి నోరు మూతపడలేదు. ఇది ఉప్పు, ఇది పంచదార, ఇవాళ బుధవారం, పొయ్యి మీద పాలున్నాయి, ఇది కుడి చెయ్యి, దాన్ని ఇటు తిప్పు. గాజు తొట్టి ముందు నిలబడ్డ రోజుల్లో కూడా అంత మాట్లాడలేదు. బావ ఆమెకు బల్లి అన్న పేరు తీసేసి పాత పేరే మళ్ళీ పెట్టాడు. అప్పుడప్పుడూ ఈ రేడియోకి మీట ఎక్కడుందో చెప్పండి తల్లీ అని చెవులు మూసుకుంటాడు గాని, ఆమె బజారుకు వెళ్ళి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతాడు.

అలా బజారుకు వెళ్ళిన ఒకరోజు ఆమె ఎర్ర డబ్బా కొని తెచ్చింది. అసలుది, అవతలివాళ్ళది. జన్మలో మొదటిసారి తన చేత్తో కొంది. ఇంటికొచ్చి మూత తీసి అక్క చేతికిచ్చింది. తువ్వాలు కట్టలేదు, సాసర్లు పెట్టలేదు. అక్క డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది.  అక్క తలెత్తి, ఇంటికొచ్చిన పరాయి మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా నవ్వింది.

“చాలా బాగుందే. మీ కంపెనీదా?”

ఇన్నేళ్ళ నుంచీ ఆ మాట అక్క నోట వినాలని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. అవునంటే సరిపోయేది. అక్క సంతోషించేది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆమె ఆ సబ్బుపొడి వంక, దాన్ని పట్టుకున్న చేతుల వంక చూసింది.

“కాదక్కా. ఇది నీది. నువ్వు ఎప్పుడూ వాడేది. నేను తెచ్చినదాన్ని తలుపుకు అడ్డం పెట్టేదానివి.”

“అలాగా” అంది అక్క. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, చెల్లెలికి పక్కన కాస్త చోటిచ్చి జరిగి కూర్చుంది. “ఇంకా ఏం చేసేదాన్నో చెప్పు.”

చెల్లెలు పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.